ఆ కోకా టీ తాగించింది నేనే

ఒక మాట నిజమో కాదో తేల్చాల్సి వచ్చినప్పుడు మీరు ఆ మాటను చూస్తారా, లేక చెప్పినవాడి నుదుట బొట్టు ఉందో లేదో చూస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ మీలాగే తడుముకోకుండా "మాటనే చూస్తాను" అనేదాన్ని. సభల్లో అన్నాను, వ్యాసాల్లో రాశాను, విందుకు పిలిచినవాళ్ళ అన్నం చల్లారిపోయేదాకా వాదించాను. 2013 వేసవిలో, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి ఒక అమ్మాయి ఉద్యోగాన్ని చేజేతులా ప్రమాదంలో పడేసేదాకా ఆ జవాబు మీద నాకు అనుమానమే రాలేదు.

అప్పుడు మేం అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని. మా ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. మాది తెనాలిలో జరిగిన దండల పెళ్ళి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, సరిగ్గా రాహుకాలంలో పెట్టుకున్నాం. అప్పట్లో అతనూ నా పక్కన నిలబడి నినాదాలిచ్చినవాడే. అమెరికా వచ్చాక ఒక ఆదివారం గుళ్ళో ఇడ్లీ బావుంటుందని ఎవరో అంటే వెళ్ళాడు. మొదటి ఏడాది ఇడ్లీ కోసం వెళ్ళాడు, రెండో ఏడాది నుంచి దేవుడి కోసం. నేను అతన్ని కారులో దింపి, పార్కింగ్ లాట్‌లో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. వచ్చేటప్పుడు పులిహోర పొట్లం తెచ్చేవాడు. తినేదాన్ని. అన్నానికీ చింతపండుకీ మతం లేదని నా వాదన.

మా బేస్‌మెంట్‌లో ఒక కరీంనగర్ అమ్మాయి అద్దెకుండేది. ఆ మేలోనే ఎం.ఎస్. పూర్తయింది. చదువయ్యాక ఏడాది పాటు ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. దానికో మెలిక ఉంది. మొత్తం తొంభై రోజులకు మించి ఉద్యోగం లేకుండా గడిపితే ఆ అనుమతి చేజారుతుంది, పెట్టె సర్దుకోవాలి. ఆ అమ్మాయి ఫ్రిజ్ మీద క్యాలెండర్ అతికించుకుని, ఖాళీగా గడిచిన రోజునల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసేది. నలభై దాటాక ఆ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా నేనూ ఆ ఎర్ర గీతలు లెక్కపెట్టేదాన్ని. యాభై ఎనిమిదో రోజున ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. చేరాల్సింది డెబ్భై తొమ్మిదో రోజు, సోమవారం. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి వ్యవధి లేదు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. దీన్ని మీరూ గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత నేను మర్చిపోయాను.

పెరూ వెళ్ళాలన్నది నా కోరిక. ప్రదక్షిణలు చేయనక్కర్లేని కొండ, మొక్కులు లేని కొండ, గుండు కొట్టించుకోనక్కర్లేని కొండ ఒక్కటైనా చూడాలని నా పట్టుదల. మా ఆయన తిరుమల మెట్లెక్కిన అనుభవాన్ని అర్హతగా చూపించి బయల్దేరాడు. ఆ అమ్మాయి మాతో రావడానికి చదువు పూర్తి కాకముందే ఒప్పుకుని వీసా కూడా తీసుకుంది కానీ, ఉద్యోగం రాకపోతే మాత్రం కదలనంది. ఆఫర్ వచ్చిన నాలుగు రోజులకే, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మాతో విమానమెక్కింది.

కుస్కోలో రెండ్రోజులు ఊపిరి అలవాటు చేసుకున్నాం. అలవాటు చేసుకోవడమంటే, హోటల్లో రెండో అంతస్తుకు ఎక్కి, మంచం మీద కూర్చుని, దేనికి ఎక్కామో గుర్తుతెచ్చుకోవడం. మూడోరోజు పొద్దున్నే కొండల్లోని పల్లెకు బస్సెక్కాం. అక్కడి నుంచి నడక. మాతోపాటు గైడు కూడా ఎక్కాడు. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, నిదానంగా, ఒక్కో మాట తూచినట్టు ఇంగ్లీషు మాట్లాడేవాడు.

ఆ బస్సు నన్ను సూటిగా గుంటూరు డిపోకు తీసుకుపోయింది. సీట్లకు మించి జనం, జనానికి మించి మూటలు, డ్రైవర్ నెత్తి మీద పూలదండతో మేరీమాత ఫోటో, చెవులు చిల్లులు పడేలా పాటలు. ఊరు దాటేలోగా ఉడకబెట్టిన మొక్కజొన్న కండెలు, వాటి పక్కన జున్నులాంటి తెల్లటి చీజ్ ముక్కలు అమ్ముకుంటూ ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కి దిగారు. గింజలు గోలీలంత ఉన్నాయి. మా ఆయన పక్కన ఎత్తు టోపీ, పొరలు పొరలుగా గాగ్రాలు కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ వీపున చారల దుప్పటి మూట కదిలింది. అందులోంచి ఒక గొర్రెపిల్ల తల బయటపెట్టి, మా ఆయన మణికట్టుకున్న రక్షాదారాన్ని నమలడం మొదలుపెట్టింది. అతను చెయ్యి లాక్కున్నాడు. నేను గొర్రెపిల్ల పక్షం వహించాను.

బస్సు మలుపులు తిరుగుతూ పైకి పోతుంటే చెట్లు మమ్మల్ని వదిలేశాయి. తర్వాత పొలాలు వదిలేశాయి. మిగిలింది పసుపుపచ్చ గడ్డి, మట్టి ఇటుకల ఇళ్ళు, ఆకాశం. ఆకాశం నీలం కూడా కాదు, నలుపు కలిసిన నీలం. ఇళ్ళ కప్పుల మీద మట్టితో చేసిన రెండేసి చిన్న ఎద్దులున్నాయి. మా ఆయన కిటికీకి ముక్కు ఆనించి, "చూశావా, ఇక్కడా నందులే" అన్నాడు. ఎద్దు ఉన్న ప్రతి దేశంలోనూ ఎద్దు బొమ్మ ఉంటుందనీ, దానికీ శివుడికీ చుట్టరికం అంటగట్టొద్దనీ నేను చెబుతుండగా వెనక సీట్లోంచి వాంతి చప్పుడు వినిపించింది.

ఆ అమ్మాయి ముఖం సున్నం కొట్టినట్టుంది. తల పగిలిపోతోందంది. బస్సు కనుమ మీద ఆగింది. ఒక రేకుల షెడ్డు, దాని ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఎర్ర ఊలు కుచ్చులు చెవులకు కట్టిన, పొడుగు మెడ గొర్రెల్లాంటి అల్పాకాలు మూడు, వాటి వెనక మంచు కొండ. గాలి కోస్తోంది. గైడు అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, బస్సులో ఆక్సిజన్ సీసా ఉంది, అక్కర్లేకపోతే టీ తాగొచ్చు, ఏదైనా సరే, కనుమ దిగాక దానంతటదే తగ్గుతుందని చెప్పాడు. షెడ్డులో ఆవిడ అప్పటికే కప్పు పట్టుకొచ్చింది. వేడినీళ్ళు, వాటిమీద తేలుతున్న ఆకులు. కోకా ఆకులు. కొకైన్ తీసేది ఈ ఆకు నుంచే అయినా, ఆ కొండల్లో వాటిని తాగనివాళ్ళు లేరు, నమలనివాళ్ళు లేరు.

అమ్మాయి చెయ్యి చాపింది. మా ఆయన అడ్డం వచ్చాడు.

"ఆగమ్మా. అది తాగితే అమెరికాలో డ్రగ్ టెస్ట్‌లో పట్టుకుంటారంట. మా గుళ్ళో ప్రసాదాల కౌంటర్ దగ్గరుండే ఆయన చెప్పాడు. వాళ్ళబ్బాయికి..."

"ప్రసాదాల కౌంటర్ దగ్గరా?" అన్నాను నేను.

అంతే. ఆ వాక్యం అక్కడ ఆగిపోయింది. వాళ్ళబ్బాయికి ఏమైందో నేను అడగలేదు. పులిహోర వడ్డించే చేత్తో ఔషధశాస్త్రం కూడా వడ్డిస్తున్నారా అని అడిగాను. తీర్థం తాగితే రోగాలు పోతాయన్న నోరే టీ తాగితే ఉద్యోగాలు పోతాయంటోందా అని అడిగాను. ఇవన్నీ ప్రశ్నల్లా కనిపిస్తున్నాయి కదా. ఒక్కటి కూడా కాదు.

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తాగొచ్చా ఆంటీ? ఏం గాదు గదా?"

"ఏం కాదు. ఆకు వేరు, మందు వేరు. మీ అమ్మ కోడికూరలో గసగసాలు వేస్తుంది కదా, నువ్వు నల్లమందు తిన్నట్టా?"

అంత తలనొప్పిలోనూ ఆ అమ్మాయి నవ్వింది. నవ్వించినవాళ్ళదే గెలుపని నాకు పదహారేళ్ళప్పటి నుంచీ తెలుసు. కప్పు అందుకుని తాగేసింది. మా ఆయన జేబులోంచి కర్పూరం తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. పావుగంటకు అమ్మాయి ముఖంలోకి కాస్త రంగొచ్చింది. అది టీ వల్లో, కూర్చోవడం వల్లో, కర్పూరం వల్లో తేల్చే ప్రయోగమేదీ అక్కడ జరగలేదు. అయినా ఘనత టీకి కట్టబెట్టి నేను బస్సెక్కాను. ఆక్సిజన్ సీసా ఊసు నేనెత్తలేదు. అప్పటికి నాకు కావలసింది ఆమె తలనొప్పి తగ్గడం కాదు, టీతోనే తగ్గడం.

మూడు రోజులు నడిచాం. మా సామాను రెండు గుర్రాలు మోశాయి. మమ్మల్ని మోసేందుకు ఏ గుర్రమూ ఒప్పుకోలేదని మా ఆయన అన్నాడు. ఆ ఎత్తులో నడక మనకు తెలిసిన నడక కాదు. పది అడుగులు, ఒక ఆగు. మళ్ళీ పది అడుగులు, ఒక ఆగు. గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. చిన్న గుట్ట ముందుకొస్తే దానితో బేరమాడాలనిపిస్తుంది. మా ఆయన గోవిందా అందామని మొదలుపెట్టి, ఊపిరి చాలక "గో" దగ్గర ఆగిపోయేవాడు. మిగతా రెండక్షరాలు కనుమ దిగాక పూర్తి చేసేవాడు. నేను వాదించడానికి నోరు తెరిచి మూసేదాన్ని. మా దాంపత్యంలో అంత ప్రశాంతమైన మూడు రోజులు అంతకు ముందు లేవు.

ఒక మలుపులో తుప్పు రంగు కొండలు, ఇంకో మలుపులో పాలలో నీలిమందు కలిపినట్టున్న చెరువు, దాని పైన పగుళ్ళిచ్చిన మంచు. గైడు ఒక నల్లబండను చూపించి, తన చిన్నప్పుడు మంచు అక్కడిదాకా ఉండేదన్నాడు. ఇప్పుడు ఆ బండకీ మంచుకీ మధ్య ఒక పల్లె కట్టొచ్చు. అతని ముఖంలో విచారం కనిపించలేదు. ఎవరో చుట్టం దూరపు ఊరికి మారిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ప్రతి కనుమ మీదా అతను సంచిలోంచి మూడు కోకా ఆకులు ఏరి, విసనకర్రలా పట్టుకుని, కొండల వైపు తిరిగి మెల్లగా ఊది, రాళ్ళ కింద పెట్టేవాడు. మొక్కులు లేని కొండ వెతుక్కుంటూ నేను వచ్చింది అడుగడుగునా మొక్కులున్న కొండకన్నమాట. మా ఆయన సంతోషం చూడాలి. రెండోరోజు నేను ఉండబట్టలేక గైడును అడిగాను. ఈ ఆకుల వల్ల కొండకు ఒరిగేదేమిటి, మీరు పెట్టకపోతే అది ఏం చేస్తుంది? నాకు అలవాటైన ప్రశ్నలు. అతను సంచి మూతి బిగిస్తూ, కొండకు ఆకు అవసరం లేదన్నాడు. తనకు ఒక్క నిమిషం ఆగడం అవసరమట. ఆగకుండా కనుమ దాటినవాళ్ళు అవతల వైపు పడిపోవడం చూశాడట. తర్వాత నా ముఖం చూసి, "మీరూ కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. నా పెదాలు నీలంగా ఉన్నాయని తర్వాత అమ్మాయి చెప్పింది.

అమ్మాయి మాత్రం జింకలా నడిచింది. పొద్దునొక కప్పు, సాయంత్రమొక కప్పు కోకా టీ. గైడు చూపించినట్టు రెండు ఆకులు బుగ్గన పెట్టుకుని నడవడం కూడా నేర్చుకుంది. నేను కెమెరా తీసి ఆ బుగ్గను ఫోటో తీశాను. అంటే సాక్ష్యం కూడా నేనే తయారు చేశాను.

నాలుగోరోజు గురువారం. పొద్దున ఆఖరి కప్పు తాగి, అదే బస్సులో కుస్కో చేరాం. హోటల్ లాబీలో అతిథుల కోసం పెట్టిన కంప్యూటర్ ఒకటుంది. అమ్మాయి మెయిల్ తెరిచింది. నేను పక్కన సోఫాలో బూట్లు విప్పుకుంటున్నాను. ఒక లేసు విప్పి తలెత్తి చూశాను. ఆమె స్క్రీన్ వైపు చూస్తూ ప్లాస్టిక్ కవర్లోంచి ఆఫర్ లెటర్ బయటికి తీస్తోంది.

కంపెనీ నుంచి మెయిల్. చేరేముందు డ్రగ్ టెస్ట్ ఉంటుంది, వచ్చే మంగళవారం లోగా ల్యాబ్‌కు వెళ్ళి యూరిన్ శాంపిల్ ఇవ్వాలి. ఆఫర్ లెటర్ రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ముందునుంచే ఉంది. ఆమె చదివిందట, కానీ పట్టించుకోలేదట. సిగరెట్టు కూడా ముట్టని అమ్మాయి డ్రగ్ టెస్ట్ అన్న మాటను ఎందుకు పట్టించుకుంటుంది?

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కోకా ఆకు టీ తాగితే, కొకైన్ వాడినవాళ్ళ యూరిన్‌లో కనిపించే పదార్థమే ఇక్కడా కనిపిస్తుంది. కొన్నాళ్ళపాటు కనిపిస్తుంది. టీ తాగాను అన్నది ల్యాబ్ ఒప్పుకునే సంజాయిషీ కాదు. గసగసాల సంగతి కూడా చూశాను. వాటివల్ల కూడా టెస్ట్ తప్పే అవకాశం ఉందట, నల్లమందు ఖాతాలో. నా ఉపమానం కూడా నన్ను వదిలేసింది. ఇదే కంప్యూటర్ ఇదే లాబీలో అయిదు రోజుల క్రితం కూడా ఉంది. ఆధారం ఏదీ అని ముప్పై ఏళ్ళుగా ఊరందరినీ నిలదీసిన మనిషి దాని ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కింది.

అమ్మాయి ఆఫర్ లెటర్‌ను మళ్ళీ కవర్లో పెట్టింది. "మీరు చెప్పిన్రని తాగిన ఆంటీ. మీరు మస్తు చదువుతరు గదా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. కారణం చెప్పిందంతే.

ఆమె మా ఆయన మాటా, నా మాటా పక్కపక్కన పెట్టి, ఎవరు ఎక్కువ చదివినట్టు కనిపిస్తారో చూసి ఎంచుకుంది. నేను చేసిందీ అదే. గుడికెళ్ళేవాడి మాట కాబట్టి తప్పన్నాను. ఇది పురాణంలో ఉంది కాబట్టి నిజమనేవాడికీ, ఇది గుడి నుంచి వచ్చింది కాబట్టి అబద్ధమనే నాకూ తేడా ఏమిటి? ఇద్దరం చిరునామా చూసే ఉత్తరంలో ఏముందో తేల్చేశాం. విప్పి చదివే ఓపిక ఇద్దరికీ లేదు.

మా ఆయన దగ్గర దెప్పిపొడవడానికి ఒక యుగానికి సరిపడా సరుకు ఉంది. వాడుకోలేదు. నా పక్కన కూర్చుని, "ఆయన నంబరు నా దగ్గర లేదోయ్. ఆదివారం పొద్దున కౌంటర్ దగ్గరుంటాడు" అన్నాడు.

శనివారం ఇల్లు చేరాం. ఆదివారం పొద్దున్నే ముగ్గురం గుడికి వెళ్ళాం. పార్కింగ్ లాట్‌లో అలవాటుగా నా చెయ్యి పుస్తకం వైపు పోయింది. మా ఆయన కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికూతుర్ని దింపుకున్నట్టు. చెప్పులు విప్పి లోపలికి నడిచాను. తెలిసినవాళ్ళు నలుగురు ఎదురయ్యారు. ఒకావిడ నన్ను చూసి, ఆ తర్వాత కంగారుగా మా ఆయన్ను చూసి, ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగింది.

ప్రసాదాల వరుసలో నిలబడ్డాం. గరిటె పట్టుకుని ఉన్నది బట్టతల, నిలువు నామం పెద్దాయన. ప్రశ్న అడగబోతే, ముందు తీసుకోమ్మా, తర్వాత అడుగు అని విస్తరాకు ప్లేటులో పులిహోర వేశాడు. విషయం చెప్పగానే గరిటె పక్కవాళ్ళకిచ్చి, చేతులు తుడుచుకుని ఇవతలికొచ్చాడు. నేను నా ఉద్యోగం మొదలుపెట్టాను. మీ అబ్బాయికి ఏ టెస్ట్ చేశారు, యూరినా, జుట్టా? ఆఖరి కప్పు తాగాక ఎన్నాళ్ళకి? ఎన్ని కప్పులు? మీరు రిపోర్ట్ కళ్ళారా చూశారా, విన్నారా? ఆయన ఒక్కదానికి కూడా తడబడలేదు. కాలేజీ పిల్లలతో కలిసి వెళ్ళాడు, వచ్చిన మర్నాడే శాంపిల్ ఇచ్చాడు, ఉద్యోగం పోయింది, రిపోర్ట్ ఇంట్లో ఫైల్లో ఉంది, కావాలంటే ఫోటో తీసి పంపిస్తానన్నాడు. రెండో కంపెనీ వచ్చినప్పుడు పది రోజులకు పైగా ఆగి ఇస్తే ఏమీ కనిపించలేదట. ఒకళ్ళకు అయినట్టు అందరికీ అవుతుందని చెప్పలేనని ఆయనే అన్నాడు. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టకూడదన్న సంగతి నాకు గుర్తు చేయాల్సి రావడం, అదీ నామం పెట్టుకున్న మనిషి, గరిటె అప్పుడే దించిన చేత్తో!

తర్వాత ఆయన అమ్మాయి వైపు తిరిగాడు.

"మావాడు తప్పు ఎక్కడ చేశాడో తెలుసా తల్లీ? శాంపిల్ ఇచ్చేశాక టీ సంగతి చెప్పాడు. పట్టుబడ్డాక చెప్తే ఎవడు నమ్ముతాడు? నువ్వు ఇవ్వకముందే చెప్పెయ్. టైమ్ అడుగు. ఈలోపల గసగసాలు కూడా ముట్టుకోకు."

వెనక నుంచి, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "ఆంటీ, మీరు కొంచెం మూవ్ అవుతారా, లైన్ ఆగిపోయింది" అంది. కదిలాను. ఆ రోజుల్లో ఎవరు కదలమన్నా కదిలే స్థితిలో ఉన్నాను.

ఆ మధ్యాహ్నం కూర్చుని కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. తప్పు పూర్తిగా నాదనీ, ఆ అమ్మాయి నా మాట విని తాగిందనీ, ఆండీస్ పర్వతాల్లో వేల ఏళ్ళుగా ఈ ఆకు వాడుకలో ఉందనీ, యాంత్రికంగా అమలు చేసే నియమాలు మూఢనమ్మకాలకు తోబుట్టువులనీ రెండు పేజీలు. అమ్మాయి చదివి మడిచి నాకే ఇచ్చింది.

"ఇది లెటర్ గాదు ఆంటీ, వ్యాసం. నేనే మాట్లాడత."

సోమవారం తొమ్మిదిన్నరకు, మా వంటింట్లో నిలబడి హెచ్ఆర్ ఆవిడకు ఫోన్ చేసింది. మొత్తం నాలుగు వాక్యాలు. పెరూలో ట్రెక్కింగ్‌కు వెళ్ళాను, ఎత్తు పడక కోకా టీ తాగాను, ఇప్పుడు శాంపిల్ ఇస్తే అది కనిపించొచ్చు, ఇచ్చేముందే మీకు చెప్పడం న్యాయమనిపించింది. మా ఆయన స్టవ్ ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నేను సింకులో ఒకే గిన్నెను మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాను. ఆవిడ ఏ భరోసా ఇవ్వలేదు. పైవాళ్ళను అడిగి చెబుతానంది. సాయంత్రం మెయిల్ వచ్చింది. టెస్ట్ మరుసటి వారం మంగళవారానికి మార్చారు, చేరే తేదీ ఒక వారం వెనక్కి జరిపారు, రిజల్ట్ శుభ్రంగా ఉంటేనే. ఎర్ర పెన్ను లెక్కలో చేరే రోజు ఎనభై ఆరోది. ఇంకోసారి జరపడానికి చోటు లేదు.

ఆ వారం మా ఇంట్లో మసాలా అన్నదే లేదు. మా ఆయన మిక్సీ జార్లు రెండుసార్లు కడిగి, గసగసాల డబ్బాను గరాజ్‌లో పెట్టి తాళం వేశాడు. అమ్మాయి పెరుగన్నంతో బతికింది. ఎప్పుడు బేస్‌మెంట్ మెట్ల దగ్గరికెళ్ళినా, పాత కంపెనీలకు మళ్ళీ రెజ్యూమేలు పంపిస్తున్న కీబోర్డ్ చప్పుడు వినిపించేది. గురువారం మా ఆయన ఆ అమ్మాయి పేరున అర్చన చేయించి వచ్చాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పే అర్హత నాకు ఆ నెలకు రద్దయిపోయింది. మీరు అపార్థం చేసుకోకండి. దేవుడు లేడన్న నా అభిప్రాయం మారలేదు. కాకపోతే, దేవుడు లేడు కాబట్టి దేవుణ్ణి నమ్మేవాడికి కెమిస్ట్రీ తెలియదని తేల్చడం తర్కం కాదు, బద్ధకం. ఎంత చదువుకున్నా ఆ బద్ధకం అంటుకుంటుంది, ఆలోచించామన్న తృప్తితో సహా.

మంగళవారం శాంపిల్ ఇచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం, ఎనభై మూడో రోజున, ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఏమీ లేదు. అమ్మాయి మెట్లెక్కి వచ్చి, ముందు మా ఆయన చెయ్యి పట్టుకుని, తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ వరుసను నేను గమనించాను. న్యాయమైన వరుసే. సోమవారం పొద్దున ఆష్‌బర్న్ డేటా సెంటర్ దాకా నేనే డ్రైవ్ చేసి దింపాను. మెడలో కంపెనీ ట్యాగ్ లేకపోయినా అప్పటికే ఉన్నట్టు నడిచింది.

తిరిగొచ్చాక మా ఆయన్ను వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను. ఇన్నేళ్ళలో నువ్వు ఏదో చెప్పబోతే నేను మధ్యలో తుంచేసినవి ఇంకేమైనా ఉన్నాయా? అతను సీలింగ్ వైపు చూస్తూ ఆలోచించాడు. ఆ ఆలోచన ఎంతకీ తెగలేదు.

"చాలా ఉన్నాయి గానీ, ముందు నీ కారు బ్రేకులు. మార్చి నుంచి మొత్తుకుంటున్నాను."

నిజమే. అతను ఆ మాట మొదలుపెట్టింది రేపు అమావాస్య, ప్రయాణం వద్దు, బ్రేకులూ బాగాలేవు అన్న రోజున. నేను అమావాస్యను ఖండించి, బ్రేకులతో సహా కొట్టిపారేశాను. ఆ మధ్యాహ్నమే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను చక్రం విప్పి, బ్రేక్ ప్యాడ్ చేతిలోకి తీసుకుని, దీంతోనేనా మీరు ఇన్నాళ్ళు తిరిగారు అన్నట్టు నా వైపు చూశాడు. కాగితమంత మిగిలింది. అమ్మాయిని మొదటిరోజు ఉద్యోగానికి దింపింది ఆ కారులోనే.

మీ ఇంట్లోనూ ఒకళ్ళుంటారు. బొట్టు పెట్టుకునేవాళ్ళో, పెట్టుకోనివాళ్ళో, చదువు తక్కువైనవాళ్ళో, మీకంటే చిన్నవాళ్ళో. వాళ్ళ వాక్యం ఒకటి మీ దగ్గర సగంలో తెగిపోయి ఉంటుంది. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మిగతా సగం ఏమిటో అడగండి. నమ్మమనడం లేదు. వినండి, విన్నాక సరిచూడండి. రేపు కాదు, ఇప్పుడే లేవండి.